తొడిగేటప్పుడు పగిలితే

నాంచారి వాదంలో గెలిచి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులుగా సీతాలు దర్గా మెట్లు ఎక్కలేదు.

బందరు రేవుకు ఓడలు గాలిని నమ్ముకుని వచ్చే కాలం అది. ఏటి ఒడ్డున ఒక పాత దర్గా, దాని వసారాలో జైనబ్ బీ అనే ముసలమ్మ. ఊరంతా ఆమెను బీబమ్మ అనేది. గురువారం పొద్దువాలే వేళకు ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరేవారు. సాయెబుల ఇళ్ళవాళ్ళు, సాలెల ఇళ్ళవాళ్ళు, చేపల బుట్ట గుమ్మం దగ్గర దించి లోపలికొచ్చే బెస్తవాళ్ళు. బీబమ్మ ఎక్కువ మాట్లాడేది కాదు. ఆ లోటు తీర్చడానికి నాంచారి ఉంది.

నాంచారి బట్టల మీద అద్దకం వేసే వాళ్ళ పిల్ల. ఇరవై ఏళ్ళు నిండాయో లేదో, నాలుక మాత్రం నూరేళ్ళు సానబట్టినట్టు ఉండేది. పంతుళ్ళ దగ్గర తర్కం విన్నది, మౌల్వీల దగ్గర హుజ్జత్ అనే వాదన విన్నది, ఇద్దరినీ వాళ్ళ అరుగుల మీదే నిలబెట్టి అడిగింది. ఆమె ప్రశ్న వేస్తే ఎదుటివాళ్ళు ముందు గొంతు సవరించుకుని, తర్వాత పని గుర్తొచ్చిందని లేచి వెళ్ళిపోయేవారు.

ఆ గురువారం ఎవరో సీతాలు సంగతి ఎత్తారు. సీతాలు మొగుడు నాలుగేళ్ళ కిందట తెప్పతో సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆమె రోజూ తెల్లవారుజామున ఏరు సముద్రంలో కలిసే మొగకు వెళ్ళి, నీళ్ళకేసి తిరిగి, అతని పేరు మూడుసార్లు గట్టిగా పిలిచి, ఆ తర్వాతే బుట్ట నెత్తికెత్తుకునేది.

"ఎప్పుడైనా పలికాడా?" అని నాంచారి అడిగింది.

"లేదు," అంది సీతాలు.

"అతనికి వినబడుతుందా, వినబడదా? వినబడకపోతే పిలిచి లాభం లేదు. వినబడి రాలేకపోతే, పిలిచి అతన్ని ఏడిపిస్తున్నావు. వినబడీ, రాగలిగీ రాకపోతే, అలాంటి మొగుణ్ణి పిలవడమెందుకు? మూడిట్లో ఏది నీ లెక్క?"

చిన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒకమ్మాయి చప్పట్లు కూడా కొట్టింది. లోపల నమాజు ముగించుకుని బీబమ్మ వసారాలోకి వచ్చేసరికి సీతాలు బుట్ట ఎత్తుకుని మెట్లు దిగుతోంది.

మర్నాటి నుంచి ఏటి మొగ దగ్గర కేక లేదు. అక్కడితో ఆగలేదు. చేపల వరసలో కూడా సీతాలు కేక ఆగిపోయింది. కేక వెయ్యని చేపలమ్మ దగ్గరికి ఎవరొస్తారు? ముందు బుట్ట పెట్టుకుని ఈగలు తోలుకుంటూ కూర్చుంటోంది. అడిగితే ధర చెప్తోంది. అడక్కపోతే లేదు. మొన్న బుట్టెడు కానాగంత చేపలు చెడిపోతే తిరిగి ఏట్లో పోసేసిందట. ఇంట్లో కళ్ళు కనపడని అత్త ఉంది. ఇద్దరూ ఆ బుట్ట మీదే బతకాలి.

నాంచారి ఊరుకోలేదు. రెండుసార్లు సీతాలు గుడిసెకు వెళ్ళింది. వెళ్ళి, ఆ రోజు చెప్పిందే మరింత వివరంగా చెప్పి వచ్చింది.

పన్నెండో రోజు పొద్దున ఆమె బీబమ్మ ముందు కూర్చుంది. రాత్రంతా తనతో తనే వాదించుకున్న మొహం అది.

"అమ్మా, ఒక్కటి అడుగుతాను. నేను అన్నదాంట్లో అబద్ధం ఉందా?"

"లేదు."

"పోనీ, కోపంతో అన్నానా?"

"నీకు కోపమొస్తే ముక్కు ఎర్రబడుతుంది. ఆ రోజు ఎర్రబడలేదనే చెప్పారు."

"మరి? నేను నిజమే చెప్పాను. మంచికే చెప్పాను. ఆవిడ తట్టుకోలేకపోయింది. అది ఆవిడ బలహీనతే కదా, నా తప్పెలా అవుతుంది? నా తప్పేదో చూపించండి, ఇక్కడే చెవులు పట్టుకుంటాను. చూపించలేకపోతే ఇలా చూడకండి నాకేసి."

బీబమ్మ చూసేది ఆమె మొహం కాదు, చేతులు. అద్దకపు చిరివేరు ఎరుపు గోళ్ళ సందుల్లో ఇంకిపోయిన చేతులు.

"మరీ బోసిగా ఉన్నాయి బేటీ," అంది. "లే. బజారుకు పోయి గాజులు తొడిగిస్తాను."

"గాజులా? ఇప్పుడా?"

"మధ్యాహ్నమైతే ఎండ."

బందరు బజారు అప్పటికే నిండిపోయింది. పారసీకం నుంచి వచ్చిన పన్నీరు బుడ్లు గడ్డిలోంచి తలలు ఎత్తి చూస్తున్నాయి. కర్పూరం కొట్టు దాటగానే ఎండుచేపల వాసన, అది దాటగానే మళ్ళీ అత్తరు. ఒక వలందా వర్తకుడు, డచ్చివాడు, చెమటలు కక్కుతూ అద్దకం దుప్పట్లు బేరమాడుతున్నాడు. అతను అడిగింది దుబాసీ తెలుగు చేసేలోపే కొట్టాయన తల అడ్డంగా ఊపేస్తున్నాడు. ఆ సందట్లో కూడా నాంచారి వాదం ఆగలేదు.

"వైద్యుడు చేదుమందు ఇస్తాడు. రోగి కక్కేస్తే వైద్యుణ్ణి తప్పు పడతామా?"

"జాగ్రత్త, పేడ," అంది బీబమ్మ.

గాజుల వీధికి చేపల వరస మీదుగానే పోవాలి. అటూ ఇటూ ఆడవాళ్ళు గొంతులు పోటీపడి కేకలేస్తున్నారు. సావళ్ళు, రొయ్యలు, పీతలు. ఆ కేకల మధ్య ఒకచోట మాత్రం పన్ను ఊడినట్టు ఖాళీ. అక్కడ సీతాలు కూర్చుని ఉంది. బుట్టలో రెండు పండుగప్పలు, ఒక్కొక్కటి మోచెయ్యంత, కళ్ళు ఇంకా మెరుస్తూ. ఎవరూ ఆగడం లేదు.

నాంచారి అటు అడుగేసింది. బీబమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ముందు గాజులు."

గాజుల నరసింగశెట్టికి అరవై దాటి ఉంటాయి. ఎత్తయిన బల్ల మీద కూర్చుని ఉన్నాడు, చుట్టూ తాళ్ళకు గుచ్చిన గాజుల వరసలు. ఎదురుగా ఒక పెళ్ళికూతురు, పక్కన ఆమె తల్లి. పిల్ల అరచెయ్యి చేటంత ఉంది. నాట్లు వేసి, కుప్పలు నూర్చిన చెయ్యి. భయంతో బిగదీసుకుని కూర్చుంది.

"ఏ ఊరమ్మా?" అన్నాడు శెట్టి, ఆ చెయ్యిని రెండు చేతుల మధ్యా పెట్టుకుని మెల్లగా పిసుకుతూ.

పిల్ల ఊరి పేరు చెప్పింది.

"ఆ ఊళ్ళో గేదెలు పొడుస్తాయటగా?"

"మా గేదె పొడవదు," అంది పిల్ల రోషంగా. "పక్కింటోళ్ళది పొడుస్తది. మొన్న మా బాబాయిని..."

"ఆఁ, బాబాయిని?"

"గడ్డివాము ఎక్కిచ్చింది!"

అందరూ నవ్వారు. పిల్లా నవ్వింది. నవ్వడం అయ్యేసరికి మణికట్టుకు గాజు ఉంది. ఎప్పుడెక్కిందో ఆమెకే తెలియదు. అలా బాబాయి గడ్డివాము దిగేలోగా డజను గాజులూ ఎక్కేశాయి.

తర్వాత నాంచారి కూర్చుంది. శెట్టి ఆమె చేతిని ఓ చూపు చూశాడు. సన్నటి మణికట్టు. "మల్లెమొగ్గ," అనుకుంటూ పచ్చగాజు ఒకటి తీసి వేళ్ళ మీదుగా తోశాడు. కణుపుల దగ్గర అది ఆగింది. ఇంకాస్త నొక్కాడు. చురుక్కుమనేసరికి నాంచారి చెయ్యి వెనక్కి లాగింది.

టప్పుమంది గాజు. ముక్కలు బల్ల మీద రాలాయి. ఆమె బొటనవేలి కింద సన్నటి ఎర్రగీత.

శెట్టి గాజు ముక్కల వంక చూడలేదు. పక్కనున్న చెంబులో గుడ్డ తడిపి ముందు ఆ గీత తుడిచాడు. పసుపు అద్దాడు. "మండుతోందా తల్లీ?"

"పర్లేదు. నేనే చెయ్యి లాగాను. తప్పు నాదే." నాంచారి కొంగు ముడి విప్పబోయింది. "ఇది ఎంతో చెప్పండి, ఇచ్చేస్తాను."

"ముడి వేసేసుకో. అది నాది."

"మీదెలా అవుతుంది?"

"తొడిగేటప్పుడు పగిలితే నాది. నువ్వు మెట్టు దిగాక పగిలితే నీది. మా తాత నాటినుంచీ ఈ వీధిలో ఇదే కట్టు."

వాదం వాసన తగిలితే నాంచారి ఊరుకుంటుందా? నిటారుగా కూర్చుంది.

"గాజు మంచిదేనా?"

"మేలైనది."

"మీరు చెయ్యి తిరిగినవారేనా?"

"నలభై ఏళ్ళ బట్టీ ఇదే పని."

"గాజూ మంచిదే, తొడిగినవారూ నేర్పరే. ఇక మిగిలింది నా చెయ్యి. అది బిగుసుకుంది, పైగా వెనక్కి లాగింది. పగలడానికి కారణం అదే. అలాంటప్పుడు నష్టం మీరు భరించడం ధర్మం కావచ్చు గానీ, న్యాయం కాదు."

పెళ్ళికూతురు తల్లి నోరు తెరుచుకుని వింటోంది. శెట్టికి నవ్వొచ్చింది.

"భలే చెప్పావమ్మా. నీ మాటే ఖాయం చేస్తే మా వీధికి కష్టమే లేదు. పగిలిన ప్రతిసారీ చేతిని నాలుగు తిట్టి పంపించెయ్యొచ్చు. కొన్నాళ్ళకి ఈ బందర్లో ఒక్క చేతికీ గాజు ఉండదు, అంతే." అతను ఆమె చెయ్యి మళ్ళీ అందుకున్నాడు. "చెయ్యి బిగుసుకుంటుంది. కొత్తవాడు పట్టుకుంటే ఎవరి చెయ్యయినా బిగుసుకుంటుంది. అది తెలియాల్సింది ఎవరికి? నీకా, నాకా? పట్టి చూడకుండా, మణికట్టు సన్నగా ఉంది కదాని తోసేశాను. గాజు మేలైనదని చేతికేం తెలుసు?"

ఈసారి నాంచారి చెయ్యి లాక్కోలేదు.

శెట్టి గాజు తియ్యలేదింకా. ఊరికే ఆమె చెయ్యి పిసుకుతున్నాడు, బొటనవేలితో ఒక్కొక్క కణుపే తడుముతూ.

"ఏం పనమ్మా నీది?"

"అద్దకం."

"అచ్చు మీద గుప్పిటతో కొడతారు, కదూ? అందుకేనన్నమాట ఈ గట్టిదనం. ఎన్నేళ్ళ నుంచి?"

"ఎనిమిదో ఏటి నుంచి."

"ఈ చిటికెనవేలు ఎప్పుడు విరిగింది?"

ఆమె ఉలిక్కిపడింది. ఆ వేలు విరిగిందని ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు.

"పదేళ్ళప్పుడు. పెద్ద అచ్చు జారి పడింది. చెప్తే నాన్న పనిలోంచి తీసేస్తాడని..." ఆమె గొంతు కాస్త తగ్గింది. "చెప్పలేదు. నెలరోజులు వెనక దాచుకుని తిరిగాను."

"నెలరోజులే!" అన్నాడు శెట్టి.

ఆమె కిందికి చూసింది. మణికట్టు మీద పచ్చగాజు. అంతకుముందు పగిలినదాని కొలతే.

ఆరు గాజులు ఎక్కాయి ఆ చేతికి. ఈ చేతికి ఆరు. బీబమ్మ తమలపాకు నములుతూ వీధిలోకి చూస్తోంది. ఇదంతా ఆమెకు సంబంధం లేని పనిలా.

శెట్టి బల్ల మీది ముక్కలు గుడ్డతో పోగుచేసి, పక్కనున్న కుండలో పోశాడు. కుండ సగం పైగా నిండి ఉంది. ఎరుపు, నీలం, పచ్చ, తేనెరంగు.

"ఇవన్నీ ఎవరి చేతుల మీద పగిలినవి?" అని నాంచారి అడిగింది.

"నా చేతిలో," అన్నాడు శెట్టి.

మెట్టు దిగాక ఆమె వాదించలేదు. వైద్యుడి మాటా ఎత్తలేదు. చేపల వరస దగ్గరికి వచ్చాక బీబమ్మ కర్పూరం కొనాలంటూ వెనకే ఆగిపోయింది. కర్పూరం కొట్టు ఇంకా ముందుంది.

నాంచారి వెళ్ళి సీతాలు పక్కన, తడి నేల మీద కూర్చుంది. ఏం చెప్పాలో దారంతా పేర్చుకుంది. కూర్చున్నాక అవన్నీ వదిలేసింది.

"సీతాలక్కా."

సీతాలు ఈగలు తోలుతోంది.

"ఆ రోజు నిన్ను మూడు అడిగాను. అసలు అడగాల్సింది అడగలేదు."

"ఇంకా ఉన్నయ్యా?" అంది సీతాలు, మొహం తిప్పకుండా. "అడుగు. ఇక్కడైతే నవ్వడానికి ఇంకా శానామంది ఉన్నారు."

ఆ దెబ్బ నాంచారి తిన్నది. కదల్లేదు.

"నువ్వు ఎందుకు పిలుస్తావు?"

ఎవరో ఆగి పండుగప్ప వంక చూసి, పిలుపు లేకపోయేసరికి పక్క బుట్టకు పోయారు.

"ఆడు సచ్చిపోయాడని నాకు తెల్దనుకున్నావా?" అంది సీతాలు చివరికి. "తెప్ప పలక గట్టుకి కొట్టుకొత్తే లాక్కొచ్చింది నేనే. ఆడు పలుకుతాడనీ కాదు, వత్తాడనీ కాదు."

"మరి?"

"పదారేళ్ళు కాపరం సేశాను. ఒక్కనాడూ పేరెట్టి పిలవలేదు. పెళ్ళాం మొగుడి పేరు ఎత్తకూడదంటారు గదా. ఏవయ్యో, ఇదిగో, మావా, అంతే. అట్టాగే తెప్పెక్కి పోయాడు. ఆడి పేరు నా నోట్టో ఎట్టా ఉంటదో ఆడు వినలేదు." ఆమె ఈగలు తోలడం ఆపింది. "పోయాక ఇంక తప్పేముంది? అందుకని పిలిసేదాన్ని. పొద్దున్నే ఆ మూడు కేకలూ ఏత్తే గొంతు తెరుసుకునేది. ఆ గొంతుతోటే ఇక్కడికొచ్చి కూకునేదాన్ని. అది పోయింది, ఇదీ పోయింది."

వాదంలో ఎదుటివాడి మాట పూర్తికాకముందే జవాబు సిద్ధం చేసుకునే అలవాటు నాంచారిది. ఈసారి మాట పూర్తయ్యేదాకా విన్నది.

"బావ పేరేమిటక్కా?" అంది.

సీతాలు మొదటిసారి ఆమెకేసి తిరిగింది.

"పోలయ్య," అంది.

పక్క బుట్ట ఆమె సావళ్ళు, సావళ్ళు అని అరుస్తూనే ఉంది. ఎండ పైకి వస్తోంది. బుట్టలో పండుగప్పల కళ్ళు మెల్లగా మసకబారుతున్నాయి. ఇంకో గంట ఆగితే వీటినీ ఏట్లో పొయ్యాల్సిందే.

నాంచారి గాజులు మోచేతుల మీదికి తోసుకుంది. గొంతు సవరించుకుంది. పంతుళ్ళ అరుగుల్ని అదరగొట్టిన గొంతు అది.

"పండుగప్ప! తాజా పండుగప్ప! రండి, చూడండి!"

దారినపోయే వాళ్ళిద్దరు ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నారు. ఎదుటి వరసలో ఒకావిడ, "ఎవర్నమ్మా తిడుతోంది?" అని అడిగింది.

నాంచారి మళ్ళీ అరిచింది. ఇంకా గట్టిగా. ఈసారి ఒక కుక్క కూడా లేచి వెళ్ళిపోయింది.

సీతాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని నాంచారి భయపడింది. కాదు.

"ఆపు తల్లీ, ఆపు. సేప సచ్చిందని సాటింపేత్తన్నట్టుంది. కేకంటే కొట్టడం కాదు, లాగడం. మొదలు ఎత్తి, మజ్జిన సాగదీసి, సివర వొదిలెయ్యాలి. గాలి మోసుకుపోద్ది."

"ఎలా?"

సీతాలు నోరు తెరిచింది. మొదట గాలే వచ్చింది. తర్వాత బొంగురు. ఆమె ఒకసారి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి, చప్పుడు లేకుండా, మూడుసార్లు. కళ్ళు తెరిచింది.

"పండుగప్పో... ఓ... య్!"

చేపల వరస వరసంతా ఒక్క క్షణం తలతిప్పింది. అటు చివర అత్తరు కొట్టు దగ్గర ఎవరో ఆగారు. వెనక్కి తిరిగి రావడం మొదలుపెట్టారు.

"ఇప్పుడు నువ్వు అను," అంది సీతాలు.

నాంచారి అంది. సీతాలు తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అంది. మళ్ళీ ఊపింది.

అంతలో ఎదురుగా నీడ పడింది. బీబమ్మ, చేతిలో కర్పూరం లేదు. బుట్టలోకి వంగి పండుగప్ప మొప్ప ఎత్తి చూసింది, నాంచారిని చూడనే లేదు.

"ఏం సీతాలూ," అంది. "కొత్త పిల్లను పెట్టుకున్నావా?"

సీతాలు పక్కకు చూసింది. పచ్చగాజులు, చేపల నీళ్ళలో తడిసిన కుచ్చిళ్ళు, ఎర్రబడ్డ మొహం.

"గొంతు పెద్దదే బీబమ్మా," అంది. "నేర్పాలి."